వారమునకు మూడు గంటలు

బడి గంట మ్రోగిన పిమ్మట చదువు ఇంటికి వచ్చును. ఆ యింట చదువుకొన్న తల్లిదండ్రులున్నచో, చిక్కుపడిన లెక్కను తండ్రి విప్పి చెప్పును; తెలియని ఇంగ్లీషు మాటకు అక్కయో, అన్నయో అర్థము చెప్పుదురు. వారికి తీరిక లేనిచో, నెలకింత యిచ్చి ప్రైవేటు చెప్పింతురు. తల్లిదండ్రులు తెల్లవారకముందే కూలికి పోవు ఇంట, అక్షరము నేర్చుకొను అవకాశమే దొరకని ఇంట, ఆ లెక్క రాత్రియంతయు అట్లే యుండి, మరునాడు చేయని లెక్కగా బడికి తిరిగి పోవును. నాలుగు నాళ్ళు గడచునప్పటికి దానిమీద ఆధారపడిన మరి నాలుగు లెక్కలు వచ్చి చేరును. ఆరు, ఏడు తరగతులలో ఎవరికిని తెలియకుండ మొదలైన వెనుకబాటు, పదవ తరగతి పరీక్షనాటికి తప్పిన మార్కులుగా అందరి కంటను పడును. అప్పటికి పిల్లవాడు తనకు చదువు రాదని నిశ్చయించుకొని యుండును.

రేడియోలో పనిచేయు మావంటివారికి ఈ సంగతి మరియొక విధముగ తెలియును. పాఠశాలల కొరకు పాఠములు ప్రసారము చేయుట ఆకాశవాణికి చిరకాలపు అలవాటు. 2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు ఆకాశవాణి, దూరదర్శన్ కేంద్రములు పాఠములను ఇండ్లకు చేర్చినవి. ఒక మంచి ఉపాధ్యాయుని కంఠము ఒకే వేళ వేలాది పిల్లలకు వినిపించుట చిన్న మేలు కాదు. అయితే మైక్రోఫోను ముందు కూర్చున్నవారికి వినువారి ముఖము కానరాదు. భిన్నముల పాఠమును ఎంత విశదముగ చెప్పినను, హారమనగానేమో మరచిపోయిన బాలుడు ఏ వాక్యమువద్ద ఆగిపోయెనో మాకు తెలియదు. వాడు ఆగినచోట మేము ఆగలేము. కాలము ముగియగానే తరువాతి కార్యక్రమమునకు పోవలసినదే.

పిల్లవాడు ఆగినచోట తానును ఆగి, "ఇచ్చట నీకు తోచనిదేమి?" అని అడుగగల మనిషి యొకరు కావలెను. కలిగిన ఇంట అట్టి మనిషిని డబ్బు సమకూర్చును. లేని ఇంటి బిడ్డకు ఎవరు సమకూర్తురు? ఈ ప్రశ్నకు 2020లో ఇటలీ దేశపు విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు ఒక సమాధానము చెప్పిరి. వారు చేసినది ఘనకార్యమని పొగడుటకంటె, అది ఎట్లు జరిగినదో, ఎంత ఫలించినదో తెలిసికొనుట మనకు ఉపయోగము.

ఇటలీలో ప్రాథమిక విద్య ముగించిన పిల్లలు రమారమి పదునొకండవ యేట మాధ్యమిక పాఠశాలలో చేరి మూడేండ్లు చదువుదురు. మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఇది సరిపోలును. 2020 మార్చి 5వ తేదీనుండి ఆ దేశమందంతటను బడులు మూసివేయబడినవి. ఆ విద్యాసంవత్సరము ముగియు వరకు ఆ పిల్లలకు తరగతి గదులు మరల తెరువబడలేదు. పాఠములు కంప్యూటరు తెరమీదికి మారినవి. చదువుకొనుటకు వేరు గది, మంచి కంప్యూటరు, ప్రక్కన కూర్చుండు తల్లి గల పిల్లలు ఎట్లో నెట్టుకొని వచ్చిరి. ఇరుకు ఇండ్లలో అన్నదమ్ములందరును ఒక్క ఫోనుతో గడుపుకొన్నవారు, ఇంట ఇటాలియను భాష మాటలాడని వలస కుటుంబముల పిల్లలు తరగతికి దూరమగుచుండిరి.

ఆ సమయమున మికేలా కర్లానా, ఎలియానా లా ఫెర్రారా అను ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు 'టాప్' అను పొట్టిపేరుతో ఒక కార్యక్రమమును నెలకొల్పిరి. మిలాన్ నగరపు విశ్వవిద్యాలయములలో చదువుచున్న యువతీయువకులు వేతనము లేకుండ, ఒక్కొక్కరు ఒక్కొక్క పిల్లవానికి, తమ తమ ఇండ్లనుండియే ఇంటర్నెట్ ద్వారా పాఠము చెప్పవలెననునది ఏర్పాటు. గణితము, ఇటాలియను, ఇంగ్లీషు ముఖ్య విషయములు. వారమునకు మూడు గంటలు మొదలు ఆరు గంటల వరకు ఈ చదువు సాగినది.

ఇందులో గమనింపదగిన అంశములు కొన్ని కలవు. సహాయము ఎవరికి కావలెనో నిర్ణయించినవారు విశ్వవిద్యాలయము వారు కారు. మాధ్యమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు వార్త పంపి, వెనుకబడుచున్న పిల్లలను వారి ఉపాధ్యాయులచేతనే ఎంపిక చేయించిరి. 76 పాఠశాలలనుండి 1,059 మంది పిల్లల పేర్లు వచ్చినవి. రెండవ అంశము, బోధకులుగా వచ్చిన విద్యార్థులను ఉత్సాహమొక్కటే చేతికిచ్చి పంపివేయలేదు. విద్యాబోధనయందు నిపుణులైనవారు వారికి ముందుగ శిక్షణ యిచ్చి, పని జరుగుచున్నంత కాలము సలహా చెప్పుచు వెన్నంటి యుండిరి. ఇరువదేండ్ల యువకునకు లెక్క వచ్చుట వేరు, పండ్రెండేండ్ల పిల్లవానికి ఆ లెక్క వచ్చునట్లు చేయుట వేరు. ఈ రెంటి నడుమ గల దూరమును ఆ నిపుణులు దాటించిరి.

మూడవ అంశము మనస్సును కొంచెము నొప్పించునది. పేర్లు ఇచ్చిన పిల్లలందరికి సరిపడ బోధకులు లేకపోయిరి. సుమారు 530 మందికి మాత్రమే ఏర్పాటు చేయగలిగిరి. ఎవరికి ఇయ్యవలెను, ఎవరిని ఆపవలెను? సిఫారసులు లేకుండ, చీట్లు వేసినట్లుగ ఎంపిక చేసిరి. మిగిలిన సగము మందికి ఆ వసంతకాలమున ఏ తోడును లభింపలేదు. అయితే చీటిపద్ధతి వలన ఒక సత్యము మాత్రము నిష్పక్షపాతముగ బయటపడినది. రెండు గుంపుల పిల్లలును ఒకే విధమైన ఇండ్లనుండి, ఒకే విధమైన బడులనుండి వచ్చినవారు. వారి నడుమ గల భేదము ఆ బోధకుడొక్కడే. కావున చివర పరీక్షలో కానవచ్చిన తేడాకు కారణమును వేరే వెదుకనక్కరలేదు.

ఫలితమును శాస్త్రజ్ఞులు తమ గణితభాషలో 0.26 ప్రామాణిక విచలనముల మెరుగుదల యని చెప్పిరి. దీనిని మన మాటలలో ఇట్లు చెప్పుకొనవచ్చును. నూరుగురు పిల్లలను మార్కుల వరుసలో నిలిపినచో, సరిగా నడుమ నున్న పిల్లవాడు సుమారు పదిమందిని దాటి ముందుకు పోయినంత మార్పు. కొలది వారముల పనికి ఇది ఎక్కువ ఫలితమనియే చెప్పవలెను. అంతకుమించి, పిల్లల మనోధైర్యము, పదిమందితో మెలగు నేర్పు, ముందు చదువులను గూర్చిన ఆశలు గూడ పెరిగినట్లు తేలినది. చదువులో లాభము ఎక్కువ పేదయిండ్ల పిల్లలకు ఎక్కువగా చేకూరినది. మనస్సునకు కలిగిన ఊరట వలస కుటుంబముల పిల్లలలో మరింత స్పష్టముగ కానవచ్చినది. ఇల్లు కదలరాని ఆ దినములలో, తమ కొరకే ఒకరు నియమితమైన వేళకు వచ్చి పలుకరించుట ఆ పిల్లలకు ఎంత బలము నిచ్చియుండునో ఊహింపవచ్చును.

ఒక్కరి కొక్కరు చెప్పుటలో ఇంత శక్తి ఎక్కడనుండి వచ్చుచున్నది? ఒక చిన్న లెక్కను తీసికొందము. అరకు మూడవవంతు కలుపుమనగా, పైవానికి పైది, క్రిందివానికి క్రిందిది కలిపి 'ఐదింట రెండు వంతులు' అని వ్రాయు పిల్లలు ప్రతి తరగతిలోను కొందరుందురు. నలుబది పుస్తకములు దిద్దవలసిన ఉపాధ్యాయుడు అచ్చట ఎఱ్ఱగీత గీయగలడు. ఆ గీత తప్పని చెప్పునే గాని, ఎందుకు తప్పో చెప్పలేదు. ప్రక్కన కూర్చున్న విద్యార్థి మరియొకటి చేయగలడు. "నీకు అర దోసె పెట్టితిని, మరల మూడవవంతు దోసె వడ్డించితిని. ఇప్పుడు నీ ఆకులో నున్నది అరకంటె ఎక్కువయా, తక్కువయా?" అని అడుగును. ఎక్కువ యని పిల్లవాడు వెంటనే చెప్పును. "ఐదింట రెండు వంతులు అరకంటె తక్కువ గదా!" యనగానే వాని ముఖమున ఆలోచన పుట్టును. ఆ క్షణమున వాడు నేర్చినది ఒక లెక్క మాత్రమే కాదు. తన జవాబును తానే పరీక్షించుకొనవచ్చునను సంగతి. తరగతిలో తెలియనితనమును దాచుకొనుటకు ముందువాని వీపు చాలును. ఒక్కరి యెదుట దాచుట సాధ్యము కాదు, దాచవలసిన అవసరమును కలుగదు.

ఈ మేలు ఒకవైపు మాత్రమే ప్రవహింపదు. అమెరికాలో కోహెన్, కూలిక్ ప్రభృతులు 1982లో, పాఠశాల విద్యార్థులు తమ తోటివారికి, చిన్నవారికి చదువు చెప్పిన 65 ప్రయత్నముల ఫలితములను ఒకచోట చేర్చి పరిశీలించిరి. నేర్చుకొన్నవారే గాక, నేర్పినవారు గూడ ఆ విషయమును మరింత బాగుగ గ్రహించిరనియు, దానిపై వారికి ఇష్టము పెరిగినదనియు తేలినది. తెలిసినదనుకొన్నదానిని మరియొకరికి చెప్పబోయినప్పుడే మన తెలివి ఎక్కడ పలుచగ నున్నదో బయటపడును.

ఇటలీలో ఈ భావము 2020లో కొత్తగా పుట్టినది కాదు. ఆ దేశమున 1962 వరకు ప్రాథమిక పాఠశాల ముగియగానే పిల్లల దారులు రెండుగ చీలెడివి. లాటిను నేర్చి పై చదువులకు పోవుదారి యొకటి, తొందరగా పనిలో చేరుటకు పనికివచ్చు చదువు మరియొకటి. 1962 డిసెంబరు నెలాఖరున వచ్చిన శాసనము ఈ రెంటిని ఏకముచేసి, అందరు పిల్లలకు ఒకే మాధ్యమిక పాఠశాలను ఏర్పరచినది. తలుపు అందరికి తెరచినారు. అయినను, రైతుల పిల్లలు, కూలివాండ్ర పిల్లలు ఆ తలుపున ప్రవేశించి, పరీక్షలలో తప్పి, మరల ఆ తలుపుననే బయటకు పోవుచుండిరి.

ఫ్లోరెన్సు నగరమునకు ఉత్తరమున, ముజెల్లో కొండలలో బార్బియానా అను కుగ్రామము కలదు. 1954 చివర అచ్చటి చర్చికి వచ్చిన డాన్ లొరెంజో మిలానీ అను మతాచార్యుడు, బడులలో తప్పిన ఆ కొండ పిల్లలకు తన ఇంటనే చదువు చెప్పనారంభించెను. అచ్చట తెలిసిన పిల్లవాడు తెలియని పిల్లవానికి చెప్పుట నియమము. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు గురువులైరి. ఆ బడి బాలురు ఎనమండుగురు కలసి, పేదపిల్లలను తప్పించివేయు పాఠశాలను ప్రశ్నించుచు ఒక ఉపాధ్యాయురాలికి లేఖారూపమున ఒక గ్రంథము వ్రాసిరి. అది 1967 మే నెలలో వెలువడినది. మరుసటి నెలలోనే మిలానీ తన 44వ యేట మరణించెను. పిల్లవాడు తప్పినప్పుడు వాని బుద్ధిని మాత్రమే గాక, వాని యింటి స్థితిని, బడి తీరును గూడ విచారింపవలెనని ఆ గ్రంథము దేశమునకు తెలియజెప్పినది.

ఇక ఇట్టి కార్యములపై సహజముగ పుట్టు సందేహములను విచారింతము. బడిలో ఉపాధ్యాయులను తగినంతమందిని నియమించుట ప్రభుత్వముల విధి. స్వచ్ఛందముగ వచ్చిన విద్యార్థులను చూపి ఖాళీలను నింపకుండుట అన్యాయమగును. ఈ భయము ఉచితమైనదే. కావున విద్యార్థి బోధకుని స్థానము మొదటనే స్పష్టముగ నుండవలెను. పాఠము చెప్పువారు ఉపాధ్యాయులు. చెప్పిన పాఠము పిల్లవానికి చేరినదో లేదో ప్రక్కన కూర్చుండి చూచువాడు విద్యార్థి. ఒకరి పని మరియొకరిది కాదు.

రెండవ సందేహము మరింత బరువైనది. ఉత్సాహముతో వచ్చిన యువకులు నాలుగు వారములు వచ్చి, పరీక్షలు దగ్గరపడగానే చెప్పకుండ మానివేసినచో ఏమగును? లెక్క రాని పిల్లవానికి, తనకొరకు వచ్చినవారు గూడ విసిగి వెళ్ళిపోయిరను బాధ మిగులును. ఏమియు చేయకుండుటకంటె ఇది అపకారము. అందుచేత ఈ పనికి మొదటి అర్హత తెలివి కాదు, మాట నిలుపుకొనుట. ఎన్ని వారములు రాగలరో ముందే చెప్పవలెను. చెప్పిన దినమున, చెప్పిన వేళకు రావలెను. రాలేని నాడు ముందుగ తెలుపవలెను.

మూడవది జాలిని గూర్చినది. నేర్చుకొను పిల్లవాడు భిక్షకుడు కాడు. వాని యిల్లు, వాని భాష, వాని తల్లి చేయు పని, వీనిలో దేనిని గూర్చియు చులకనయైన మాట రాకూడదు. వాని చేతిలోని బలపమును లాగికొని లెక్క తానే చేసివేయుటయు ఒక విధమైన చులకనయే. చదువు జరుగుచోటు తల్లిదండ్రులకు తెలిసినదై, బడి వసారాయో, గ్రంథాలయమో అయి, పెద్దలొకరు కనిపెట్టియుండునట్టిదైనచో, ఆడపిల్లలను పంపుటకు ఏ యింటివారును సంకోచింపరు.

ఇవన్నియు ఎక్కడనో ఇటలీలో జరుగవలసినవి, మనకు అలవాటు లేనివి అని అనుకొనరాదు. పూర్వము మన పట్టణములలో బీద విద్యార్థులు వారములు చేసికొని చదువుకొనెడివారు. సోమవారమొక యింట, మంగళవారమొక యింట అన్నము తిని బడికి పోయెడివారు. వారమిచ్చిన గృహిణి తన బిడ్డలతోపాటు ఆ పిల్లవానికిని విస్తరి వేసెడిది. ఆ సదుపాయము అన్ని కులముల బిడ్డలకు సమానముగ అందలేదన్న మాట సత్యమే, దానిని మరువరాదు. కాని ఆ ఏర్పాటులో ఒక సూక్ష్మము కలదు. ఏ యిల్లును పిల్లవాని భారమంతయు మోయలేదు. ఒక్కొక్క యిల్లు ఒక్క దినము మోసినది, ఆ దినమును తప్పలేదు. నేడు అన్నమునకు బదులు చదువును అట్లు పంచుకొనరాదా? ఈసారి కులము అడుగకుండ పంచుకొనవచ్చును గదా!

అందుకు కావలసిన గంటలు మన విశ్వవిద్యాలయములలో ఇదివరకే యున్నవి. గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము ఆరంభమైనది. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు సంఘసేవకు వెచ్చింపవలెను. ఆ గంటలలో చెట్లు నాటుదురు, వీధులు శుభ్రపరతురు, రక్తదానమునకు ప్రోత్సహింతురు. అన్నియు మంచి పనులే. ఇప్పుడొక చిన్న లెక్క వేసి చూడుడు. 120 గంటలను వారమునకు మూడు గంటలుగ పంచినచో నలుబది వారములు వచ్చును. ఒక విద్యాసంవత్సరము ఇంచుమించు అంతియే. అనగా ఒక్క సేవకుని ఏడాది గంటలు, ఒక్క పిల్లవానికి ఏడాది పొడవునను తోడుగ నుండుటకు సరిపోవును. నూరుగురు సేవకులు గల కళాశాల తన ఊరి ఉన్నత పాఠశాలలలో నూరుగురు పిల్లలకు తోడు నిలువగలదు.

అయితే గంటలున్నంత మాత్రమున పని జరుగదు. పిల్లలను ఎంపిక చేయుటకు బడి ఉపాధ్యాయులు కావలెను. బోధకులకు దారి చూపుటకు శిక్షణ కళాశాలలలోని అధ్యాపకులు కావలెను. ఎవరికెవరు జత, ఏ దినమున, ఏ వేళ అను పట్టిక వ్రాసి, రానివారిని గూర్చి విచారించు మనిషి యొకరు కావలెను. ఇటలీలో ఫలితము నిచ్చినది ఈ మూడును కలసియుండుటయే.

ఈ ప్రసంగమును వినుచున్న ఇండ్లలో కళాశాలకు పోవు కుమారుడో, కుమార్తెయో యుండవచ్చును. వారి పరీక్షలు, ఉద్యోగపు చింతలు తల్లిదండ్రులకు భారముగనే యుండును. అట్టి సమయమున ఇతరుల బిడ్డకు మూడు గంటలు ఇచ్చుట వృథాయని తోచుట సహజము. వారు ఆ మూడు గంటలలో పోగొట్టుకొనునది తక్కువ. తమ చదువును మరియొకమారు గట్టిపరచుకొందురు. పనిమనిషి బిడ్డ, వీధి చివర ఇస్త్రీ చేయువారి బిడ్డ, ఇల్లు కట్టు మేస్త్రీ బిడ్డ మన వీధిలోనే ఏడవ తరగతి చదువుచున్నారు. వారి పేర్లు మనకు తెలియును. వారికి ఏ లెక్క రాదో మాత్రము తెలియదు. మేము రేడియోనుండి ఆ ప్రశ్నను అడుగగలమే గాని, సమాధానము వినలేము. వినగలవారు ఆ వీధిలోనే యున్నారు.